పాత క్యారవాన్ ఉంచుకోవాలా, మార్చాలా? వరంగల్ నుంచి తిరిగే బండ్లకు ఒక లెక్క

నంబర్ ప్లేటు మీద ఏపీ 36 అని ఉందంటే ఆ బండి 2014 జూన్‌కు ముందు వరంగల్‌లో రిజిస్టరైనది. అంటే ఎంత ఆలస్యమైనా 2029 జూన్ నాటికి దానికి పదిహేనేళ్లు నిండుతాయి, మొదటి రిజిస్ట్రేషన్ గడువు తీరుతుంది. టెంపో ట్రావెలర్ కొని, సీట్లు తీయించి, మంచాలు, స్టవ్, సింకు పెట్టించుకుని మేడారం, లక్నవరం, బొగత, కాళేశ్వరం తిరిగిన వాళ్లలో చాలామందికి ఇప్పుడు ఇదే ప్రశ్న. ఉన్నదాన్నే నడపాలా, లోపల కొత్తగా చేయించాలా, అమ్మి కొత్తది కొనాలా, అసలు బండే వద్దనుకుని అవసరమైనప్పుడు కిరాయికి తీసుకోవాలా?

చాలామంది ఇంజన్ పొగ చూసి అమ్మేస్తారు, లోపలి సోఫాలు బాగున్నాయని ఉంచుకుంటారు. రెండూ తప్పు కొలతలే. ఇంజన్ బాగవుతుంది, సోఫా మారుతుంది. అంత సులువుగా బాగుకానివి రెండే: చాసిస్‌ను తినేసిన తుప్పు, సరిగ్గా లేని ఆర్సీ. పరీక్ష అక్కడ మొదలుపెట్టాలి.

ముందు కాగితాలు

ఆర్సీలో వాహన తరగతి ఏమని ఉందో చూడండి. ప్రభుత్వం బండ్ల వివరాలు ఉంచే వాహన్ రికార్డుల్లో ‘మోటార్ క్యారవాన్’, ‘క్యాంపర్ వ్యాన్’ అనే తరగతులు విడిగా ఉన్నాయి. మీ ఆర్సీలో ఇంకా పదమూడు సీట్ల ప్యాసింజర్ బండి అనే ఉండి, లోపల మాత్రం రెండు మంచాలు, గ్యాస్ పొయ్యి ఉంటే కాగితం ఒకటి, బండి ఒకటి. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. రోడ్డు మీద ఎవరూ ఆపకపోవచ్చు. ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చినప్పుడు మాత్రం మొదట చూసేది ఇదే.

సొంత బండికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. దరఖాస్తు ఫారం 25. గడువుకు 60 రోజుల ముందు నుంచే ఇవ్వొచ్చు. లైట్ మోటార్ వాహనానికి ఈ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు. 20 ఏళ్లు దాటితే 2025 ఆగస్టు నుంచి 10,000. గ్రీన్ ట్యాక్స్ దీనికి అదనం. బండిని ఆర్టీఏ ఆఫీసుకు తీసుకెళ్లి బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించాలి. లోపలి మార్పులు కాగితంలో లేని బండ్లు ఆగిపోయేది అక్కడే. కాబట్టి గడువుకు ఇంకా ఏడాది ఉండగానే తరగతి సంగతి కనుక్కోండి. ఆఖరి వారంలో కాదు.

లైసెన్స్ విషయంలో కంగారు అక్కర్లేదు. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న బండికి ఎల్ఎంవీ (లైట్ మోటార్ వాహనం) లైసెన్స్ సరిపోతుంది.

తర్వాత రేకు, చెక్క

పాత క్యారవాన్‌ను చంపేది కిలోమీటర్లు కాదు, పైనుంచి దిగే నీళ్లు. మే నెలలో మన ఎండకు టాపు రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, తెల్లవారేసరికి చల్లబడుతుంది. రోజూ అలా సాగుతూ, ముడుచుకుంటూ ఉంటే గట్టిపడిన పాత సీలెంట్‌లో వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి. మృగశిర దాటి వానలు మొదలయ్యాక నీళ్లు అందులోంచి దిగి ప్లైవుడ్‌లోకి పాకుతాయి. మరక కంటికి కనపడేసరికి లోపల ఏడాది నుంచి నానుతూ ఉంటుంది.

చూడాల్సిన చోట్లు: టాపు మీద ఏసీ కోసం కోసిన చోటు, వెంటిలేటర్ అంచులు, సోలార్ ప్యానెల్ బిగించిన స్క్రూలు, వెనక నిచ్చెన బోల్టులు, ముందు అద్దం రబ్బరు కింది మూలలు. లోపల గోడను వేలి కణుపుతో తట్టుకుంటూ వెళ్లండి. మంచి ప్లైవుడ్ ఖంగుమంటుంది, నానింది మెత్తగా మూగగా పలుకుతుంది. లామినేట్ ఉబ్బినా, మూసి ఉంచిన బండి తలుపు తీయగానే ముక్కిన వాసన వచ్చినా అనుమానించాల్సిందే.

నీళ్ల పరీక్ష ఇలా చేయాలి. ఒకరు లోపల టార్చితో, ఒకరు బయట పైపుతో. నీళ్లు కింది నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. మొదట కిటికీల కింది అంచు, తర్వాత పై అంచు, చివరికి టాపు, ఒక్కో చోట పది నిమిషాలు. పైనుంచి మొదలుపెడితే అన్ని సందుల్లోకి ఒకేసారి నీళ్లు జారతాయి, ఏది కారుతోందో తెలియదు.

మరమ్మతులో జరిగే పెద్ద పొరపాటు పాత సిలికాన్ మీదే కొత్తది పూయడం. గట్టిపడిన సిలికాన్ మీద ఏదీ అంటుకోదు. పాతదంతా గీకి, థిన్నర్‌తో తుడిచి, ఆరాక పాలీయురేథేన్ సీలెంట్ వేసి ఒక రోజు వదిలేయాలి. ఎమ్‌సీల్ లాంటి గట్టి ముద్దలు టాపుకు పనికిరావు. అవి సాగవు కాబట్టి మరుసటి ఎండకాలానికే విడిపోతాయి. ఈ పనికి ఏప్రిల్, మే నెలలు మంచివి.

తుప్పుకు స్క్రూడ్రైవర్, చిన్న సుత్తి చాలు. చక్రాల పై వంపులు, మెట్టు కింద, పక్క తలుపు జారే పట్టా, నీళ్ల ట్యాంకు కింది ఫ్లోర్ చూడండి. రేకు మీది తుప్పు టింకరింగ్ షెడ్డులో పోతుంది. చాసిస్ పొడుగు దూలాలకు కమాను కట్టలు బిగించే చోట పొరలు పొరలుగా ఊడుతున్నా, అక్కడ ఇప్పటికే వెల్డింగ్ అతుకు ఉన్నా ఇక ఆలోచించొద్దు. ఆ బండి మీద ఖర్చు ఆపేయండి. కొనేవాళ్లకు ఒక మాట: పాత బండి అడుగున నిగనిగలాడే కొత్త నల్ల కోటింగ్ కనిపిస్తే సంతోషించకండి, దాని కింద ఏముందో గీకి చూడండి.

ఇంజన్ గురించి అంత భయం వద్దు

పాత ట్రావెలర్‌లలోని 2.6 లీటర్ల డీజిల్ ఇంజన్ మెర్సిడెస్ వంశానిది, తొందరగా చచ్చేది కాదు. స్కూళ్లు, ఆసుపత్రులు, పెళ్లి బృందాలు అన్నీ ఇవే బండ్లు నడపడం వల్ల ఆటోనగర్‌లో దీన్ని విప్పి బిగించే చేతులు, సామాన్లు రెండూ దొరుకుతాయి.

పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి పొగ చూడండి. కాసేపు తెల్లపొగ వచ్చి ఆగితే గ్లో ప్లగ్గులో, నాజిల్సో. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోంది. నడుస్తున్న ఇంజన్ మీద ఆయిల్ మూత వదులు చేస్తే లోపలి నుంచి గాలి కొట్టి మూత ఎగిరి పడుతుంటే పిస్టన్ రింగులు అరిగాయి, బోర్ పని ఉంది. ఆయిల్ పాల కాఫీ రంగులో ఉంటే హెడ్ గ్యాస్కెట్ పోయి నీళ్లు కలిశాయి. ఆ తర్వాత ఫుల్ లోడ్‌తో నిర్మల్ మహబూబ్ ఘాట్ లాంటి ఎక్కుడు ఎక్కించి టెంపరేచర్ ముల్లు చూడాలి. ఊళ్లో చక్కర్లు కొడితే రేడియేటర్ గుట్టు బయటపడదు.

మైలేజీ కోసం మార్చాలనుకునేవాళ్లు ఈ లెక్క చూడండి. ఏడాదికి 4,000 కిలోమీటర్లు తిరిగితే లీటరుకు 9 ఇచ్చే పాత బండికి సుమారు 444 లీటర్లు, 12 ఇచ్చే కొత్తదానికి 333 లీటర్లు. తేడా 111 లీటర్లు. నేటి ధరలో పది పదకొండు వేల రూపాయలు. దీనికోసం లక్షలు పెట్టి బండి మార్చడం లెక్కలో నిలవదు.

ఇంకో సంగతి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 (కొత్త పొగ ప్రమాణాల) డీజిల్ బండ్లు సెన్సర్ల మీద నడుస్తాయి. ఏటూరునాగారం దాటాక ఆగిపోతే పాత ఇంజన్‌ను పక్క ఊరి మెకానిక్ పానాతో లేపుతాడు. కొత్తదానికి స్కానర్ కావాలి, లేదంటే టోయింగ్. పైగా డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బండిని నిలబెట్టి గంటల తరబడి ఇంజన్ మీద ఏసీ నడిపితే ఫిల్టర్ మసితో మూసుకుపోతుంది. బదులుగా కొత్త బండి ఇచ్చేది తక్కువ పొగ, తక్కువ శబ్దం, ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుని జారకుండా చూసే) బ్రేకులు.

బరువు, బెల్టులు

ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల కాంటాలకు కొదవ లేదు. పత్తి సీజన్ క్యూలు లేని రోజు చూసి, ట్యాంకు నిండా నీళ్లు, డీజిల్, సామాన్లు, ఇంటిల్లిపాదితో బండిని తూకం వేయించండి. వెనక ఇరుసును విడిగా కూడా. చాసిస్ ప్లేటు మీద ఉన్న మొత్తం బరువుతో పోల్చండి. నీళ్లు లీటరుకు కిలో. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ కెపాసిటీ కొలత) ట్యూబులర్ బ్యాటరీలు, అంటే ఇంటి ఇన్వర్టర్లకు వాడే యాసిడ్ బ్యాటరీలు, రెండు పెడితే వంద కిలోల పైనే. ఇవన్నీ వెనకే చేరి కమాను కట్టలు కిందికి వంగి ఉంటే కొత్త ఫర్నిచర్ ఆలోచన పక్కన పెట్టి ముందు బరువు దించాలి. టైరు అంచున నాలుగు అంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. క్యారవాన్ తక్కువ తిరుగుతుంది కాబట్టి గాడులు కొత్తగానే కనిపిస్తాయి, రబ్బరు మాత్రం ఎండిపోతుంది. ఆరేళ్లు దాటితే మార్చండి.

పిల్లలున్న ఇళ్లు తప్పక చూడాల్సింది బెల్టు ఉన్న, ముందుకు తిరిగిన సీట్లు ఎన్ని అని. పక్కకు తిరిగిన సోఫా మీద కూర్చున్నవాళ్లకు సడన్ బ్రేకులో ఏ ఆధారమూ ఉండదు. బెల్టును ప్లైవుడ్ పెట్టెకు బిగిస్తే పెట్టెతో సహా ఊడొస్తుంది, చాసిస్‌కు కట్టిన ఫ్రేముకే బిగించాలి. పాత బండిలో ఇది సరిగ్గా చేయించడం కష్టం. నా దృష్టిలో చాసిస్, ఆర్సీ బాగున్నా బండి మార్చడానికి నిజమైన కారణం అంటూ ఉంటే ఇదొక్కటే.

కరెంటు లెక్క

లోపల కొత్తగా చేయించే ఖర్చులో పెద్ద వాటా ఇక్కడికే పోతుంది కాబట్టి కాస్త నిదానంగా.

ఫిబ్రవరిలో లక్నవరం గట్టున ఒక రాత్రి, ఒక పగలు: 25 వాట్ల ఫ్యాన్లు రెండు తొమ్మిది గంటలకు 450 వాట్ అవర్లు, లైట్లు 60, ఫోన్లు 100, చిన్న కంప్రెసర్ ఫ్రిజ్ 600. మొత్తం సుమారు 1,200. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ పేరుకు 1,800 ఇస్తుంది. సగం కంటే కిందికి దించితే ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి వాడుకోదగ్గది 900. అదే 100 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలో 1,100 దాకా వాడొచ్చు, బరువు పన్నెండు కిలోల చుట్టూ. ట్యూబులర్ చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. మంచం కింద పెట్టెలో పెట్టారంటే బయటికి గాలి గొట్టం తప్పనిసరి.

లిథియం పెట్టేటప్పుడు పాత వైరింగ్‌కు నేరుగా కలపకూడదు. అది చార్జ్‌ను ఆబగా లాగుతుంది, ఇంజన్ మీద కరెంటు పుట్టించే పాత ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోతుంది. మధ్యలో ఆ లాగుడును అదుపు చేసే డీసీ-డీసీ చార్జర్ ఉండాలి. ఇంటి ఇన్వర్టర్‌ను తెచ్చి పెట్టేవాళ్లు అందులో లిథియం మోడ్ ఉందో లేదో చూసుకోవాలి.

టాపు మీద 400 వాట్ల ప్యానెళ్లు మంచి ఎండలో రోజుకు 1,300 వాట్ అవర్ల దాకా ఇస్తాయి. శ్రావణంలో ముసురు పడితే సగం కూడా రాదు. చెట్టు నీడలో పెడితే బండి చల్లగా ఉంటుంది, ప్యానెల్ పడుకుంటుంది. ఎండకాలంలో ఈ రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి.

ఏసీ దగ్గర చాలామంది మోసపోతారు. మే నెల రాత్రి ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ సగటున 600 వాట్లు లాగినా ఎనిమిది గంటలకు దాదాపు 5 యూనిట్లు (5,000 వాట్ అవర్లు). అంటే 100 ఏహెచ్ లిథియం బ్యాటరీలు నాలుగైదు. ఒక్క రాత్రి ఖాళీ చేసినదాన్ని ఆ 400 వాట్ల ప్యానెళ్లు మళ్లీ నింపడానికి నాలుగు రోజులు. కాబట్టి ఏసీ అంటే ప్లగ్ పాయింట్ ఉన్న చోటే. అక్కడ కూడా 2.5 స్క్వేర్ ఎంఎం కేబుల్, 16 ఆంప్స్ ప్లగ్గు, 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (షాక్ కొట్టకుండా కరెంటు ఆపే స్విచ్) ఉండాలి. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు చుట్ట విప్పకుండా వాడితే అది కరిగిపోతుంది. మన పొడి ఎండకు కూలర్ 150, 200 వాట్లతో బాగానే పని చేస్తుంది, వానకాలపు ఉక్కలో మాత్రం దండగ. మేడారం జాతర మాఘంలో, చలి చివర్లో వస్తుంది. అక్కడ ఏసీ కన్నా నీళ్లు ముఖ్యం: నలుగురికి పొదుపుగా వాడినా రోజుకు 60 లీటర్లు.

వంట గ్యాస్ గాలి కన్నా బరువైనది, కారితే ఫ్లోర్ మీదే పేరుకుంటుంది. సిలిండర్ ఉన్న అల్మారాకు కింద రంధ్రం ఉండాలి. 5 కిలోల సిలిండర్ చాలు. పైపు మీద తేదీ చూసి మార్చండి, సబ్బు నురగతో కీళ్లు పరీక్షించండి. టాయిలెట్, సింకు, కర్టెన్లు ఏ దారిలోనైనా సులువే, వాటిని నిర్ణయంలో లెక్కేయొద్దు.

నాలుగు దారులు పక్కపక్కన

| కొలత | ఉన్నది నడపడం | లోపల కొత్తగా | వేరే బండి కొనడం | అమ్మి కిరాయి |
|---|---|---|---|---|
| కాగితాలు | ఉన్న సమస్య ఉంటుంది | ముందు సరిచేయాలి | సరిగ్గా కొంటే శుభ్రం | మీ బాధ్యత కాదు |
| చాసిస్ | బాగుంటేనే | చాలా బాగుంటేనే | కొత్త ఆయుష్షు | వర్తించదు |
| దారిలో రిపేరు | సులువు | సులువు | స్కానర్ కావాలి | బండి వాళ్లు చూసుకుంటారు |
| పిల్లల భద్రత | బలహీనం | కొంత మెరుగు | మెరుగు | సీట్లు ఉంటాయి, మంచాలు ఉండవు |
| డబ్బు వెనక్కి | కొంత | చాలా తక్కువ | మొదటి ఏళ్లలో పడిపోతుంది | చేతిలోనే ఉంటుంది |

ఉన్నది నడపడమంటే ఏమీ చేయకపోవడం కాదు. సీలెంట్, టైర్లు, బ్రేకులు, కూలెంట్, గ్యాస్ పైపు చేయించి మరో రెండు మూడేళ్లు లాగడం. రిజిస్ట్రేషన్ గడువు ఇంకా అంత ఉంటే ఇదే చవక దారి.

లోపల కొత్తగా చేయించాలంటే చాసిస్, ఆర్సీ రెండూ పాసవ్వాలి. పని వరుస తప్పొద్దు: మొదట టాపు లీకులు, తర్వాత తుప్పు, తర్వాత వైరింగ్, ఇన్సులేషన్, ఆఖరున ఫర్నిచర్. వడ్రంగిని ముందు పిలిచినవాళ్లు ఏడాది తిరగకముందే అదే ఫర్నిచర్ విప్పి లీకు వెతుకుతారు. ఇక్కడ పెట్టిన డబ్బు అమ్మేటప్పుడు తిరిగి రాదు. కొనేవాడు ఏ ఏడాది మోడల్ అనే చూస్తాడు. మీరే ఐదేళ్లు వాడుకునేటట్లయితేనే చేయండి.

కొత్త చాసిస్ మీద కట్టించుకునేవాళ్లు బిల్డర్‌ను అడగాల్సింది ఏఐఎస్-124 ఆమోద పత్రం. మోటార్ క్యారవాన్‌లకు మన దేశంలో ఉన్న ప్రమాణం అదే. కాగితం చూపించకుండా ‘అదంతా మేం చూసుకుంటాం’ అంటే లేచి రావడమే. పుణె, బెంగళూరుల్లో వాడిన క్యారవాన్ కొంటే అక్కడి నుంచి ఫారం 28 ఎన్వోసీ తేవాలి. ఇక్కడ వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. బేరం ఆడేటప్పుడే ఆ మొత్తం కలుపుకోండి, లేకపోతే చవకగా వచ్చిందనుకున్న బండి చవక కాదు.

కిరాయి దారికి లెక్క ఒకటుంది. ఇన్సూరెన్స్, జాగ కిరాయి, టైర్లు, బ్యాటరీల అరుగుదల కలిపి ఏడాదికి 60,000 అవుతోందనుకుందాం. పన్నెండు రాత్రులు వాడితే రాత్రికి 5,000, యాభై వాడితే 1,200. డీజిల్ వేరే. మీ నిజమైన అంకెలు పెట్టి చూడండి. గత రెండేళ్లలో ఎన్ని రాత్రులు బండిలో పడుకున్నారో లెక్కపెట్టండి, వచ్చే ఏడు ఎన్ని పడుకోవాలనుకుంటున్నారో కాదు.

ఎవరికి ఏది

రిటైరైన దంపతులు ఏడాదికి నలభై, యాభై రాత్రులు నెమ్మదిగా తిరుగుతారు, ఎండకాలం ఇంట్లోనే ఉంటారు. చాసిస్ బాగుంటే పాత బండినే లోపల కొత్తగా చేయించుకోవచ్చు. 200 ఏహెచ్ లిథియం, 400 వాట్ల ప్యానెళ్లు, ఏసీ వద్దు.

చిన్నపిల్లలున్న ఇల్లు, వేసవి సెలవుల్లోనే ప్రయాణం: బెల్టు సీట్లున్న కొత్త బండి. డబ్బు సరిపోకపోతే పాతదాన్ని అలంకరించడం కన్నా కిరాయి ట్రావెలర్, రాత్రికి లాడ్జి మేలు.

రెండేళ్లకోసారి జాతర, మధ్యలో ఒకటి రెండు గుడులు తిరిగే కుటుంబం అమ్మేయడమే మంచిది. 2027 గోదావరి పుష్కరాల కోసమని ఉంచుకోవాలనుకుంటే అప్పటిదాకా మరమ్మతులు మాత్రమే చేయించండి, ఫర్నిచర్ జోలికి పోవద్దు.

క్యారవాన్‌ను కిరాయికి తిప్పి సంపాదించాలనుకునేవాళ్లకు పాత బండి పనికిరాదు. తెల్ల ప్లేటుతో, అంటే సొంత వాడకానికి రిజిస్టరైన బండిని, కిరాయికి తిప్పకూడదు. ట్రాన్స్‌పోర్ట్ బండికైతే ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ చేయించాలి.

అమ్మాలని తేలితే

లిథియం బ్యాటరీ, ప్యానెళ్లు, ఫ్రిజ్ విప్పి విడిగా అమ్మితే బండితో కలిపి ఇచ్చేదానికన్నా ఎక్కువ వస్తుంది. విప్పిన రంధ్రాలు మాత్రం మూసి ఇవ్వండి. చాసిస్ పోయిన బండిని తుక్కు వ్యాపారికి కాకుండా రిజిస్టర్డ్ స్క్రాపింగ్ కేంద్రానికి ఇస్తే డిపాజిట్ సర్టిఫికెట్ వస్తుంది. కొత్త బండి రిజిస్ట్రేషన్‌లో అది పనికొస్తుంది, పాత ఆర్సీ కూడా రద్దవుతుంది. నడిచే బండినైతే ఫారం 29, 30ల మీద సంతకాలు అయ్యి, ఆర్సీ కొన్నవాళ్ల పేరుకు మారే వరకు కాగితాల నకళ్లు, డెలివరీ నోటు దాచుకోండి. దాని మీద తేదీతో పాటు గంట కూడా రాయించుకోండి, ఎందుకంటే పేరు మారేదాకా ప్రతి చలానా మీ ఫోన్‌కే వస్తుంది.